అవ్వ మెచ్చిన కల్లు

మా అత్త బుచ్చవ్వ తన కొడుకు గీసిన కల్లును ఏనాడూ మెచ్చుకోలేదు. ధర్మపురి నుంచి బండ్లేసుకుని వచ్చేవాళ్లు చెట్టు కింద కూర్చుని, తాటాకు రేకలో పోయించుకుని తాగి, "మొగిలి కల్లంటే మొగిలి కల్లే" అని మీసాలు తుడుచుకుని పోయేవాళ్లు. ఆమె మాత్రం రెండు గుక్కలు మింగి, మూడో గుక్క పక్కకు ఉమ్మేసేది.

"ఎట్లుందే అవ్వా?" అని అడిగేవాడు కొడుకు. ఒక్కనాడు కాదు, రోజూ అడిగేవాడు. సిగ్గులేని మనిషి.

"ఏముందిరా దీంట్ల? నీళ్ల లెక్కుంది."

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే. మొగుణ్ని పేరు పెట్టి చెప్పడం మా దిక్కు మర్యాద కాదు. కానీ ఎన్నిసార్లని 'మా ఆయన, మా ఆయన' అనను? మొగిలి అనే చెబుతాను.

పొద్దు వంగే వేళకు అత్త కొంగు దోపుకుని సీసాల్లో కల్లు అమ్మే శ్రీహరి కాంపౌండ్‌కు పోయేది. అక్కడ సీసాలు కడగడం ఆమె పని. పని అయ్యాక రెండు సీసాల కల్లు తాగి, నవ్వుకుంటూ ఇంటికొచ్చి పడుకునేది. ఆ సీసాల్లో చెట్టు నుంచి దిగింది ఎంతో, బోరు నీళ్లెన్నో, తెల్లపొడి ఎంతో ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసే తాగేవాళ్లు. ఆ పొడి మత్తు మరిగిన నోటికి చెట్టు కల్లు ఎక్కదు.

మా మామ తాటిచెట్టు మీంచి పడి చనిపోయినప్పుడు మొగిలికి తొమ్మిదేళ్లు. ఆ సీసాలు కడిగే అత్త అతన్ని పెంచింది. అందుకే నేను కాంపౌండ్‌ను ఎంత తిట్టినా మొగిలి కిక్కురుమనేవాడు కాదు. తన విషయంలో మాత్రం ఒకే మాట మీద ఉండేవాడు. "నా కల్లుల మందు వడ్డనాడు నా మోకు నేనే కాలవెడ్త" అనేవాడు. చెట్టెక్కేటప్పుడు నడుముకు కట్టుకునే తోలు మోకు అది. వాళ్ల నాయన చచ్చినప్పుడు కూడా తెగనిది.

ఇట్లా ఉండగా కరోనా వచ్చింది. వైన్ షాపులు బందు, బెల్టు షాపులు బందు, కాంపౌండ్‌కు తాళం. ఉగాది పండుగ నాడు ఊళ్లో ఒక్క మగాడూ తూలకుండా ఉండటం నా పెళ్లయ్యాక మొదటిసారి చూశాను. మా మహిళా సంఘం వాళ్లమంతా ముక్కులకు కొంగులు కట్టుకుని, కాంపౌండ్ తాళానికి పసుపు రాసి బొట్టు పెట్టి వచ్చాం. బొట్టు పెట్టింది నేనే.

"కరోనా తల్లీ, నువ్వు గిట్లనే ఉండు. గీ తాళం తియ్యకు" అని దండం కూడా పెట్టాను. అందరూ కిలకిలా నవ్వారు. ఎవరో ఫోన్‌లో వీడియో తీసి గ్రూపుల్లో పెడితే ఊరూరా తిరిగిందట. ఆ వీడియో ఇప్పటికీ ఎవరి ఫోన్లోనైనా ఉండే ఉంటుంది. ఉంటే తీసేయండి, మీకు పుణ్యముంటుంది.

మొగిలికి మాత్రం చెట్లు గీయక తప్పలేదు. అవి పండుతాళ్లు, కాయ కాసే ఆడచెట్లు, ఎండాకాలమే వాటికి పంట. రోజూ పొద్దునా సాయంత్రం గెల చెక్కకపోతే ఎండిపోయి, ఆ ఏటికి మళ్లీ కల్లు కారదు. సర్కారువాళ్లు గీయమన్నారు, అమ్మొద్దన్నారు. గీసి దించి, చెట్టు మొదట్లోనే పారబోసేవాడు. మా కోళ్లు ఆ తడిలో ముక్కులు పెట్టి తూలుతుంటే చూసి నవ్వుకున్నాం. ఆ నవ్వులు మూడు రోజులు కూడా లేవు.

నాలుగో రోజు పొద్దున లేచి చూస్తే అత్త వాకిట్లో గొంతుక్కూర్చుని సీసాలు కడుగుతోంది. అక్కడ సీసాలు లేవు, నీళ్లు లేవు. ఎడమ చేత్తో గాలిని పట్టుకుని, కుడి చేత్తో తోముతోంది. తోమి, ఎండకు ఎత్తి చూసి, పక్కన పెట్టి, మరోటి అందుకుంటోంది. చేతులు గడగడా వణుకుతున్నాయి.

"అత్తా, ఏం చేస్తున్నవ్?"

"ఇంక రెండు పెట్టెలున్నయ్ పిల్లా. శ్రీహరి తిడ్తడు. జర నువ్వు గూడ చెయ్యి పెట్టు."

నేను మొగిలిని కేకేశాను. మొగిలి వచ్చి రెండు చేతులూ పట్టుకుంటే, కొడుకును గుర్తుపట్టక "ఎవడ్రా నువ్వు, ఇడువు" అని మొహం మీద ఉమ్మింది.

గల్లీ అంతా పోగయ్యారు. ఒకరు గాలి సోకిందన్నారు, ఒకరు కరోనా అని పది అడుగులు వెనక్కి జరిగారు. సంఘంలో నా పక్కన నిలబడి పసుపు రాసిన వాళ్లే తలుపులేసుకున్నారు. ఆ రోజే, రోజూ కాంపౌండ్‌లో తాగే అంజన్న తన అంగీ చించుకుని పొలాలెంట ఉరికాడని తెలిసింది. తాళం పడ్డ రోజు మేం పెట్టిన దండాలు ఒక్కొక్క ఇంటికీ తిరిగి వస్తున్నాయి.

చాంద్‌పాషా తన ఆటోలో మమ్మల్ని జగిత్యాల తీసుకుపోయాడు. దారిలో రెండుచోట్ల పోలీసులు ఆపారు. రెండుచోట్లా అతనే దిగి, చేతులు జోడించి, "సార్, ముసలామె పరేషాన్ ఉన్నది, జర ఇడువుండ్రి" అని బతిమాలాడు. పెద్ద దవాఖాన వరండా నిండా మా అత్తలాంటి వాళ్లే. ఒకతను స్తంభాన్ని పట్టుకుని దానితో మాట్లాడుతున్నాడు. ఒకామె చీర మీద పాకుతున్నాయని లేని చీమల్ని దులుపుకుంటోంది.

"నిన్నటి సంది మా ఆటోలన్నీ గీ పనే" అన్నాడు చాంద్‌పాషా. "కరోనా ఏమో గని, ఒక్కరు గూడ జ్వరమోళ్లు లేరు. అంత కల్లోళ్లే."

డాక్టరమ్మ మంచిది. దూరంగా నిలబడే అయినా వివరంగా చెప్పింది. "కల్లు కాదమ్మా, కల్లులో మందుకు అలవాటు పడ్డది. ఒక్కసారి ఆగేసరికి ఇట్లయింది. పానం మీదికి గూడ వస్తది. మెల్లమెల్లగ తగ్గించాలె. ఐదు రోజులకు గోలీలిస్తున్న. అయిపోకముందే తీసుకరాండ్రి."

గోలీలు వేసిన ఐదు రోజులూ అత్త మనిషయింది. తిన్నది, పడుకున్నది, నన్ను గుర్తుపట్టి తిట్టింది కూడా. కానీ ఐదో రోజుకు పక్క ఊళ్లో ఎవరికో పాజిటివ్ వచ్చిందని రోడ్డుకు అడ్డంగా కంచె కొట్టారు. చాంద్‌పాషా ఆటోను స్టేషన్లో పెట్టుకున్నారు. నడిచి పోతానన్న మొగిలిని కంచె కాడ కొట్టి పంపారు. వీపు మీద రెండు వాతలు. గోలీల కాగితం జేబులోనే ఉండిపోయింది.

ఆ రాత్రి దాటాక మళ్లీ సీసాలు కడగడం మొదలైంది.

"నా కల్లు తాపుదాం" అన్నాడు మొగిలి. అతని మొహంలో ఏదో వెలుగు. "కల్లు కోసమే గద గిదంత? నాది చెట్టు మీది అసలు కల్లు. అవ్వకు ఇప్పుడు ఆ కాంపౌండ్‌ది దొరకది. మెల్లగ నాదే అలవాటైతది, చూడు."

డాక్టరమ్మ ఏం చెప్పిందో గుర్తుచేశాను. వినలేదు. ఎట్లా వింటాడు? చిన్నప్పటి నుంచి తల్లి నోట ఒక్క మంచి మాట కోసం చెట్లెక్కి దిగిన మనిషి. కల్లు కుండ లొట్టిని దించి, పురుగూ పుట్రా లేకుండా వడగట్టి, వణికే ఆ నోటికి తనే అందించాడు. ఆమె రెండు గుక్కలు మింగి మిగతాది అతని మీదే కక్కింది.

"నీళ్లు వోసి సంపుతున్నరు నన్ను. నా కొడుకును పిలువుండ్రి" అన్నది కొడుకుతోనే.

అతను మళ్లీ ఎక్కాడు. ఇంకో చెట్టుది తెచ్చాడు, ఇది తియ్యగా ఉంటుందని. ఇంకోటి తెచ్చాడు, ఇది పులిసిందని. రెండు రోజులు అట్లాగే ఎక్కాడు, దిగాడు. మూడో రోజు పొద్దున అత్తకు ఫిట్స్ వచ్చాయి. కళ్లు తేలేసి, నాలుక కరుచుకుని, నెత్తురు కారింది. ఇనుప తాళం చెవి చేతిలో పెట్టి పట్టుకున్నాం. కాసేపటికి తగ్గి, చచ్చినట్టు పడుకుంది. మొగిలి మోకు కట్టుకుని మళ్లీ చెట్ల దిక్కు పోయాడు. నేను శ్రీహరి ఇంటి దిక్కు పోయాను.

శ్రీహరి వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి మాస్కు సర్దుకున్నాడు.

"రా స్వరూపా. మల్ల బొట్టు పెట్ట వచ్చినవా?"

నేను గడప కిందే నిలబడ్డాను. ఏం మాట్లాడినా ఏడుపొచ్చేటట్టుంది. ఈ మనిషి ముందు ఏడ్వకూడదని పళ్లు బిగపట్టాను.

"అన్నా, మా అత్త సచ్చిపోతది."

"వీడియో చూసిన. మంచిగ వచ్చినవ్ దాంట్ల" అన్నాడు. పేపరు మడిచి లోపలికి పోయి, నాలుగు పొట్లాలు తెచ్చి మెట్టు మీద పెట్టాడు. "గోరంత. గ్లాసుకు గోరంతే. ఎక్కువేస్తే పండుకున్న మనిషి లేవది. అయిపోతే మల్ల రా."

"ఎంతియ్యాలె?"

"ఏం వద్దు. బుచ్చవ్వ మా మనిషి."

ఆ మాట నన్ను చెప్పుతో కొట్టినట్టు తాకింది. అయినా పొట్లాలు తీసి రవికెలో దోపుకున్నాను.

ఆ సాయంత్రం మొగిలి వడగట్టి ఇచ్చిన కల్లును, రేకతో అయితే ఒలకబోస్తుందని చెప్పి, స్టీలు గ్లాసులో పోశాను. నీళ్ల కుండల చాటుకు పోయి గోరంత కలిపాను. మొగిలే ఆ గ్లాసు తీసుకుని తల్లికి తాగించాడు. ఒక గుక్క. రెండు గుక్కలు. మూడో గుక్కకు నేను కళ్లు మూసుకున్నాను. ఉమ్మిన చప్పుడు రాలేదు.

కాసేపటికి అత్త చేతులు ఒడిలో పడి ఊరుకున్నాయి. ఎన్నో రోజుల తర్వాత కొడుకును కొడుకులా చూసింది.

"మొగిలీ, ఎండిపోయినవేందిరా గట్ల?"

"ఎట్లుందే అవ్వా?" అన్నాడు.

"ఇయ్యాల కల్లు లెక్కుందిరా. ఇన్నేండ్లకు నేర్సినవ్ కొడుకా."

నలభై ఏళ్ల మగాడు వాకిట్లోకి పోయి, గోడకు మొహం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. వచ్చి నా భుజాలు పట్టుకుని ఊపాడు. "ఇన్నవా? ఇన్నవానే? అవ్వ ఏమన్నదో ఇన్నవా?"

"ఇన్న" అన్నాను. అప్పుడు చెప్పాల్సింది. ఆ మొహం చూసి చెప్పగలిగే ఆడది ఎవరైనా ఉంటే ఆమెకు నా దండం.

తెల్లారేసరికి గల్లీ అంతా చెప్పాడు. రెండు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. మొగిలి చెట్టు కల్లు తాగితే వణుకు పోతుందట, వాళ్ల అవ్వే సాక్ష్యమట. టిఫిన్ డబ్బాలు పట్టుకుని, పొలానికి సద్ది తీసుకుపోతున్నట్టు గట్ల వెంట వచ్చేవాళ్లు జనం. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. మా చెట్ల కింద మాత్రం ఆ రోజుల్లో కల్లు తాగుతూ మందంటున్నారు. మొగిలి ఎవరి దగ్గరా రూపాయి ముట్టలేదు. "పానం కన్న ఎక్కువనా?" అనేవాడు. పైగా, "కాంపౌండ్‌ది మర్సిపోండ్రి. మా అవ్వ మర్సిపోలేదా?" అనేవాడు. ఆ మాట వినపడినప్పుడల్లా నేను ఏదో పని కల్పించుకుని ఇంట్లోకి పోయేదాన్ని.

కొందరికి నిజంగానే కుదిరింది. వాళ్లకు అప్పటికే రోజులు గడిచి ఒళ్లు తేరుకుంటోందో, నమ్మకమో తెలియదు. అంజన్నకు కుదరలేదు. పెళ్లాం చెయ్యి పట్టుకుని తీసుకొస్తే మూడు రోజులు వరుసగా తాగాడు. మూడోనాడు రేకను విసిరికొట్టాడు.

"మీ అవ్వకు పట్టింది నాకెందుకు పడ్తలేదు? మీ అవ్వకు ఒకటి, మాకు ఒకటా?"

"ఒకటే చెట్టుది అంజన్నా. అవ్వ తోడు" అన్నాడు మొగిలి. చెట్టు మీద చెయ్యి వేసి మరీ ఒట్టు పెట్టాడు.

అంజన్న నా దిక్కు చూశాడు. నేను నేల చూపులు చూశాను. ఆ మధ్యాహ్నమే మొగిలి లేనప్పుడు అంజన్న పెళ్లాంతో చెప్పాను, ఇది కల్లుతో పోయేది కాదు, ఎట్లయినా దవాఖానకు తీస్కపో అని. "మరి మీ అత్తో?" అన్నది ఆమె. సర్పంచ్ జీపులో తీసుకుపోయారు, బతికాడు. ఆ ఒక్కటే నాకు ఆ ఎండాకాలంలో దక్కిన పుణ్యం.

డాక్టరమ్మ మాట పట్టుకుని పొడి తగ్గిస్తూ వచ్చాను. గోరంత నుంచి అరగోరంత. తగ్గించిన ప్రతిరోజూ అత్త గ్లాసు పట్టుకుని, అంచు మీదుగా నన్నే చూసేది. కొడుకు "ఎట్లుందే" అంటే "మస్తుందిరా" అనేది. నేను పనికిమాలినదాన్ని, ముప్పై ఏళ్లు ఆ కాంపౌండ్‌లో సీసాలు కడిగిన మనిషికి ఆ రుచి తెలియదనుకున్నాను.

మే నెల మొదటి వారంలో వైన్ షాపులు తెరిచారు. ధర్మపురి రోడ్డులో సున్నంతో గీసిన గుండ్రాల్లో మనుషులకు బదులు చెప్పులు, రాళ్లు, గొడుగులు వరుసలో నిలబడ్డాయని చాంద్‌పాషా వచ్చి చెప్పాడు. షట్టర్ లేవగానే ఎవరో కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చారట. "మా ఈద్ నమాజుకు గూడ అంతమంది రారు భాయ్" అని నవ్వాడు. నాలుగు రోజులకు శ్రీహరి కాంపౌండ్ తాళం కూడా తీశారు. మేం రాసిన పసుపు దాని మీద ఇంకా ఉంది.

ఆనాటికి ఆఖరి పొట్లం కూడా అయిపోయింది. మళ్లీ పోయి అడగకూడదనుకున్నాను. ఇంత తగ్గించాం కదా, ఇక ఏమీ కాదనుకున్నాను. ఆ పొద్దున మొగిలి కల్లును ఉత్తగా, తెచ్చింది తెచ్చినట్టే ఇచ్చాను. అత్త గ్లాసంతా తాగింది. ఒక్క చుక్కా ఉమ్మలేదు.

"ఎట్లుందే అవ్వా?"

"మస్తుంది బిడ్డా. పో, ఎండెక్కక ముందే గీసి రా."

అతను ఈల వేసుకుంటూ పోయాడు. ఆ మనిషికి ఈల వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

అతను మలుపు తిరిగేదాకా చూసి, అత్త లేచి కొంగు దోపుకుంది.

"ఇయ్యాల ఏం కలుపలే నువ్వు."

నేను ఖాళీ గ్లాసు తీసి కడగబోయాను.

"మొదటినాడే ఎరుకైంది పిల్లా. నా చేతుల మీద ఎన్ని సీసాలు వోయినయ్!" అన్నది. కోపం లేదు ఆ గొంతులో. "ఇంక నీకెందుకు ఈ బాధ? శ్రీహరి తీసిండు గద, నేనే పోత. వానికి మాత్రం చెప్పకు. వాని కల్లుతోనే బతికిన్ననుకోనియ్."

"వద్దత్తా. ఇంత తగ్గింది. ఇంకో పది దినాలు ఓర్సుకో, పూర్తిగ పోతది" అని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

"నాతోని కాదు" అన్నది. పోయింది.

మేమిద్దరం ఒక్క సంగతి మరిచాం. తాటిచెట్టు మీద ఉన్నవాడికి ఊరంతా కనపడుతుంది. కాంపౌండ్ గేటు, దాని ముందు వరుస, ఆ వరుసలో అత్త ఎర్రచీర. అన్నీ కనపడతాయి.

మొగిలి ఇంటికి వచ్చేసరికి నేను వాకిట్లోనే ఉన్నాను. మోకు ఇంకా నడుముకే ఉంది. నిండు లొట్టి చేతిలో ఉంది.

"అవ్వ లైన్ల నిలవడ్డది" అన్నాడు.

"సీసాలు కడుగ పిలిసిండ్రేమో."

"లైన్ల నిలవడ్డది. అందరికన్న ముందు" అన్నాడు. లొట్టి అరుగు మీద పెట్టాడు. "ఎన్నొద్దుల సంది కలుపుతున్నవ్?"

ఇంకా ఏం దాస్తాను? "నెల దాటింది" అన్నాను.

"లొట్టిలనా?"

"లొట్టిల కాదు. అవ్వ గ్లాసుల. ఇంకెవ్వరి దాంట్ల ఎయ్యలే. నీ మీద ఒట్టు."

తిడతాడనుకున్నాను. కొడతాడేమో అని కూడా అనుకున్నాను. కొడితే నాకు కాస్త నయమయ్యేది. అతను అరుగు మీద కూర్చుని, గ్లాసు తీసుకుని కల్లు పోసుకున్నాడు. ఒక గుక్క మింగాడు. రెండు. మూడో గుక్కను నోట్లో పుక్కిలించి, వాళ్లవ్వ లాగే పక్కకు ఉమ్మేశాడు.

"నిజమే" అన్నాడు. "నీళ్ల లెక్కుంది."

"అట్ల అనకు" అన్నాను. "మస్తుంటది. నీ కల్లు మస్తుంటది. ఊరంత అంటరు గద!" అని ఏడ్చాను. అతను విన్నట్టు లేదు. నడుముకున్న మోకు విప్పి, నేను నీళ్లు కాచే పొయ్యిలో పెట్టి, అది అంటుకునేదాకా అక్కడే కూర్చున్నాడు. నేను ఆపలేదు. ఏ మొహం పెట్టుకుని ఆపను? తోలు కాలిన వాసన రెండు రోజులు ఇంట్లోనే ఉంది.

ఆ ఏడు మిగిలిన సీజన్ చెట్లు ఎవరూ గీయలేదు. మరుసటి ఎండాకాలం మా చెట్లకు గెలలు గెలలుగా ముంజలు కాశాయి. గెల చెక్కితే కాయ నిలవదు, అందుకే మా పెళ్లయ్యాక ఆ చెట్లకు కాయలు చూడటం అదే మొదలు. ఊరి పిల్లలు కోసుకుని తిన్నారు.

మొగిలి ఇప్పుడు శ్రీహరి కాంపౌండ్‌లో సీసాలు నింపుతున్నాడు. తల్లి కడుగుతుంది, కొడుకు నింపుతాడు. పొద్దు వంగాక ఇద్దరూ కలిసే ఇంటికొస్తారు. ఆమె వాటా రెండు సీసాలూ అతనే పట్టుకొచ్చి, మూత తీసి, ఆమె చేతికందిస్తాడు. ఆమె తాగి, "మస్తుందిరా కొడుకా" అంటుంది.

ఎట్లుందని అతను అడగడు.